అడవిలో కూర్చుండి వ్రాయవలసిన శాస్త్రము

1815 మొదలు 1817 వరకు బ్రెజిల్ తూర్పుతీరపు అరణ్యములలో సంచరించిన జర్మను రాజకుమారుడు మాక్సిమిలియన్, ఆ దేశపు మృగపక్షిసంతతిని గూర్చి పిమ్మట రచించిన గ్రంథమున, కోవాటి యను జంతువు అచ్చట రెండు జాతులుగా నున్నదని వ్రాసెను. వానిలో నొకటి గుంపులు కట్టుకొని బిలబిల తిరుగునది; మరియొకటి దేహమున కొంచెము పెద్దదై, ఎన్నడు చూచినను ఒంటరిగానే కనబడునది. ఆయన అజాగ్రత్తగా చూచినవాడు కాడు. చూచినదానిని శ్రద్ధతో వ్రాసికొన్నవాడే. అయినను ఆ ఒంటరిది వేరు జాతి కాదు. గుంపులోనే పుట్టి, గుంపులోనే పెరిగి, రెండేండ్లు నిండిన పిమ్మట గుంపునకు దూరమైన మగ కోవాటియే అది. వేటగాండ్రు తెచ్చి యిచ్చిన తోలును, పుఱ్ఱెను ముందుంచుకొని ఎంత పరీక్షించినను ఈ సంగతి తెలియదు. బాటసారిగా అడవిని దాటిపోవువాని కంటికిని తెలియదు. ఒకే అడవిలో, అవే జంతువుల వెంట, ఋతువులు మాఱుచుండగా తిరిగినవారికి మాత్రమే తెలియును. కోవాటిని గూర్చి నేడు మనకు తెలిసినదంతయు అట్టి సహనమునకు దక్కిన ఫలము. అట్టి సహనమును పోషించుట మన ప్రభుత్వములకును, విశ్వవిద్యాలయములకును విధియని నేను నమ్ముచున్నాను గనుకనే, మన అడవులలో లేని ఈ జంతువు కథను తెలుగు పాఠకుల యెదుట పెట్టుచున్నాను.

కోవాటి అమెరికా ఖండములది. తెల్లమూతి కోవాటి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆరిజోనా, న్యూ మెక్సికో కొండలనుండి మెక్సికో, మధ్య అమెరికాల మీదుగా కొలంబియా ఉత్తరపు కొస వరకు వ్యాపించియున్నది. తోకపై చారలు గల దక్షిణ అమెరికా కోవాటి అక్కడినుండి అర్జెంటీనా, ఉరుగ్వేల వరకు కలదు. ఆండీస్ పర్వతములపై మేఘములు క్రమ్ముకొను అడవులలో చిన్నదేహము గల కొండ కోవాటులు వేఱుగా నున్నవి. రకూన్ కుటుంబమునకు చెందిన ఈ మృగమును 1766లో లిన్నేయస్ పండితుడు పునుగుపిల్లులతో కలిపి వివెర్రా యను ప్రజాతిలో చేర్చెను. తిరుమలలో శుక్రవారాభిషేకానంతరము మూలమూర్తికి అలదు పునుగుతైలము నిచ్చు పిల్లికిని, ఈ కోవాటికిని పోలిక పొడవైన మూతివలన వచ్చినదేగాని చుట్టరికమువలన వచ్చినది కాదు. పిల్లివలె కాలివ్రేళ్లపై గాక, ఎలుగుబంటివలె అరికాలు మొత్తము నేలకాన్చి నడచుటయే రెండింటికిని గల దూరమును చూపుచున్నది.

మూడు మొదలు ఆరు కిలోల బరువు, దేహమునకు ఇంచుమించు సమానమైన తోక, ఆ తోకను నిట్టనిలువుగా ఎత్తి పట్టుకొని నడచు నడక, ఇవి చూడగానే కనబడు లక్షణములు. పొదలు మెండుగానున్నచోట దేహములు కనబడవు; ఒకదాని వెనుక నొకటిగా కదలిపోవు తోకలు మాత్రమే కనబడును. వెనుకకాళ్ల చీలమండలు పూర్తిగా వెనుకకు తిరుగును గనుక చెట్టునుండి తలక్రిందుగా, ఉడుతవలెనే, దిగివచ్చును. కాని కోవాటి జీవితమునకు మూలాధారము దాని ముట్టె. క్రింది దవుడను దాటి ముందునకు సాగిన ఆ ముట్టె కొన, ఏ దిక్కునకైనను వంగగలిగి, క్షణమైనను కదలక యుండదు. అడవినేలపై పఱచుకొన్న రాలుటాకులలోనికి దానిని దూర్చి, గట్టిగా వినబడునట్లు వాసన పీల్చుచు, ఒక్క చోట ఆగి, ముందుకాళ్ల పొడుగాటి గోళ్లతో ఆ చోటనే త్రవ్వి, వేరుపురుగునో, జెఱ్ఱినో, తేలునో, సాలీడునో బయటికి లాగును. రోకలిబండ చిక్కినయెడల వెంటనే తినదు. ముందరి పాదముల క్రింద దానిని నేలపై అటునిటు దొరలించి దొరలించి, ఆ పురుగు ఆత్మరక్షణకై చిమ్మిన కంపుద్రవమంతయు మట్టికి అంటి పోయిన పిమ్మటనే నోటబెట్టుకొనును. దేహమంతయు దురదగొల్పు నూగు గల పెద్ద సాలీళ్లను గూడ ఇట్లే దొరలించి, నూగు రాల్చి తినును. పురుగులతోపాటు పండ్లన్నచో దానికి మిక్కిలి ప్రీతి. మేడిపండ్లు, తాటిజాతి చెట్ల పండ్లు, మన అడవిమామిడికి దాయాదియైన అచ్చటి చెట్టు పండ్లు రాలుకాలమున గుంపులన్నియు ఆ చెట్ల చుట్టునే తిరుగుచుండును.

ఇంతవరకు చెప్పినది ఏ యాత్రికుడైనను కొన్ని వారములలో వ్రాయగలిగినదే. అసలైన చరిత్ర పనామాలోని ఒక దీవిలో వెలువడినది. పనామా కాలువకొఱకు చాగ్రెస్ నదికి అడ్డకట్ట కట్టగా, ఆ నీరు నిలిచి గటూన్ సరస్సుగా విస్తరించినప్పుడు, లోయలు మునిగి, అడవితో నిండిన ఒక కొండ తల మాత్రము నీటిపై మిగిలినది. దానిపేరు బారో కొలరాడో. సుమారు 1,560 హెక్టారుల ఆ దీవిని 1923లో రక్షితప్రదేశముగా ప్రకటించి ఆ నాటినుండియే ప్రకృతిపరిశీలనకు అంకితము చేసిరి. 1946లో అది స్మిత్సోనియన్ సంస్థ యాజమాన్యము క్రిందికి వచ్చినది. వేట లేదు, నరుకుడు లేదు, కాలిబాటలకు గుర్తులున్నవి, తలదాచుకొనుటకు కొన్ని గదులున్నవి. ఒక తరము పరిశోధకుడు వ్రాసిపెట్టిన దానిని తరువాతి తరమువాడు అదే చెట్టు క్రింద నిలువబడి సరిచూచుకొనగల చోటు భూమిమీద అంత త్వరగా దొరకదు.

1950ల చివర జాన్ కౌఫ్‌మన్ ఆ దీవికి పోయి కోవాటి గుంపుల వెంట నడచుట కారంభించెను. గాయపు మచ్చలను, తోకల తీరును, మూతిమీది రంగులను బట్టి ఒక్కొక్క జంతువును వేర్వేరుగా గుర్తుపట్టుట నేర్చుకొని, అవి తనను చూచి బెదరని స్థితి వచ్చునంతవరకు వేచియుండి, ఆయన 1962లో ప్రకటించిన గ్రంథము నేటికిని కోవాటి శాస్త్రమునకు పునాదిగా నిలిచియున్నది. గుంపనగా ఆడ కోవాటులును, వాని పిల్లలును, రెండేండ్లు నిండని మగవియును. ఎదిగిన మగది అందు కనబడదు. పగలెల్ల ఆ గుంపు అడవినేలను శోధించుచు, ఒకటితో నొకటి సన్నని కిచకిచలతో మాటాడుకొనుచు సాగును. రాత్రి చెట్లపై నిద్రించును. ఏడాదిలో ఒక్కమారు, ఎండకాలము ప్రవేశించిన జనవరి, ఫిబ్రవరి ప్రాంతముల, ఒక మగది గుంపు చెంతకు వచ్చును. ఆ రాక విజేత రాక కాదు. తల వంచుకొని, ఆడవానికి లోబడి, వాని బొచ్చు దువ్వి పేలు ఏఱి, రోజుల తరబడి ప్రసన్నము చేసికొన్న పిమ్మటనే దానికి గుంపులో చోటు దొరకును; సంగమము చెట్లపై జరుగును; ఆ నెల గడచుటతోనే ఆడవన్నియు ఏకమై దానిని తఱిమివేయును.

చూలుమోయు కాలము పది పదునొకండు వారములు. ప్రసవము దగ్గఱపడగా ఆడవి ఒక్కొక్కటి గుంపును విడిచి, చెట్టుకొమ్మలలో పుల్లలతో ఆకులతో గూడు కట్టుకొని, అందు పిల్లలను కనును. అయిదాఱు వారములు తల్లి ఒంటరి కాపురము చేసి, పిల్లలకు నడక వచ్చిన పిమ్మట వానిని వెంటబెట్టుకొని మరల గుంపులో చేరును. ఈ ప్రసవములన్నియు ఒకే కాలమున, తొలి వానలతో పండ్లు విరివిగా రాలు కాలమున జరుగునట్లు ప్రకృతి ఏర్పఱచినది. గూటిలోని పిల్లలకు పిల్లిజాతి మృగములు, పాములు, డేగలు మాత్రమేగాక తెల్లమొగపు కపూచిన్ కోతులును మృత్యువులే. కోస్టా రికాలో ఆ కోతులు గూళ్లను గాలించి కోవాటి పిల్లలను పట్టి తినుటను, ఆ మాంసమునకై ఒకదానినొకటి యాచించుటను సూసన్ పెర్రీ, లిసా రోజ్ అను పరిశోధకురాండ్రు వివరముగా వ్రాసిరి.

అయితే ఎదిగిన మగవానిని వెలివేయుట యెందుకు? ఇది వినోదమునకు అడుగు ప్రశ్న కాదు. దీనికి సమాధానము దొరకుటకు ఇంచుమించు నలుబది సంవత్సరములు పట్టినది. 1970లలో అదే దీవిలో కూర్చుండిన జేమ్స్ రస్సెల్, మగ కోవాటులు సందు దొరకినప్పుడు చిన్నపిల్లలను చంపి తినుట గమనించి, పిల్లల రక్షణకొఱకే తల్లులు మగవానిని దూరముంచుచున్నవని ప్రతిపాదించెను. 1990లలో వచ్చిన మాథ్యూ గాంపర్ కథను మఱొక వైపునుండి చూచెను. మగది ఆడదానికంటె పెద్దది, బలమైనది. ఒంటరిగా పురుగులు వెదకుకొనునప్పుడు దానికి పోటీ లేదు. కాని పండ్లచెట్టుకడ గుంపు కలిసి వచ్చినప్పుడు ఒంటరి మగది ఎంతటిదైనను చెట్టు విడిచి తొలగవలసినదే. జన్యుపరీక్షలు జరిపి ఆయన బృందము తేల్చిన మఱొక సంగతి నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది. వెలివడిన మగది దూరదేశములకు పోవుట లేదు. తన తల్లి, అక్కచెల్లెండ్రు తిరుగు అడవిభాగముననే అదియు తిరుగును, ఆ త్రోవలనే నడచును. జతకట్టుటకు మాత్రము పొరుగు గుంపులకు పోవును. అనగా మాక్సిమిలియన్ వేరు జాతిగా నెంచిన ఆ ఒంటరి జంతువు అనేక పర్యాయములు తన పుట్టింటి పొలిమేరలోనే యుండినదన్నమాట. గుంపులోని ఆడవన్నియు రక్తసంబంధము గలవి కావనియు, బయటినుండి చేరినవానికి లోపలివారి కఱపులు, కసురులు ఎక్కువయనియు గూడ ఆ పరీక్షలే చూపినవి.

ఈ నియమములే అన్ని కోవాటులకు వర్తించునని తలంచినవారిని అర్జెంటీనాలోని ఇగ్వాసూ అడవి ఆపినది. అక్కడ చారతోక కోవాటులను పరిశీలించిన బెన్ హర్ష్ చూచిన గుంపులలో పెక్కింట ఒక ఎదిగిన మగది ఏడాది పొడుగునను గుంపులోనే యుండుచు, పుట్టు పిల్లలలో అత్యధికభాగమునకు తండ్రి యగుచున్నది. అంతకంటె విచిత్రము, ఆ గుంపులలో అధికారము పసిపిల్లలది. ఏడాది నిండని పిల్ల పెద్దదానిని కసరి ఆహారమునుండి తఱుమును. పెద్దది ఎదురాడక తప్పుకొనును. ఎదురాడిన యెడల తల్లి వచ్చి పిల్ల పక్షమున నిలుచును. బలమున్నవాడే ప్రభువను సూత్రమును పశుసంఘములన్నిటికిని వర్తింపజేసి, దానిని మనుష్యసంఘమునకు గూడ ప్రమాణముగా చూపు ఉపన్యాసకులు ఈ వృత్తాంతమును శ్రద్ధగా చదువవలెను.

బారో కొలరాడోకు మరల వచ్చినచో, అచ్చట లభించిన చిన్న చిన్న దృశ్యములకు లెక్క లేదు. అచ్చటి ఒక చెట్టు, మన అందుగు, గుగ్గులు చెట్ల కుటుంబమునకు చెందినది, కర్పూరమువలె చల్లని ఘాటువాసనగల జిగురును స్రవించును. కోవాటులు ఆ చెట్టు బెరడును గీఱి, జిగురును ముందుపాదములతో తీసి, తమ బొచ్చునకును, తోడివాని బొచ్చునకును ప్రయాసతో పట్టించుట పరిశీలకులు చూచిరి. పేలు, గోమార్లు పోవుటకు కావచ్చునని వారి ఊహ. అదే దీవిలో టేపిర్ అను భారీమృగము నేలపై పరుండగా కోవాటులు దాని మీదికెక్కి, చెవులలో, కడుపు క్రింద పట్టిన గోమార్లను ఏఱి తినుటయు కనబడినది. కోవాటికి భోజనము, టేపిర్‌కు ఉపశమనము. ఇట్టివి ఎవరును ప్రణాళిక వేసికొని పోయి కనుగొన్నవి కావు. వేఱొక ప్రశ్నతో వచ్చినవాడు చాలకాలము ఉండిపోయినందున కంటబడినవి.

1970లో ఆ దీవిలో ఒక కఱవు వచ్చినది. ఎండకాలము ఎండకాలముగా నుండక తడిగానుండుటచేత చెట్లు పూతకు రావలసిన క్రమము తప్పి, ఆ సంవత్సరపు రెండవ కాపు పోయినది. పండ్లు లేక దీవిలోని జంతువులు చిక్కి శల్యమై పడిపోయెను; దారుల వెంట దొరకిన కళేబరములలో కోవాటులును ఉండెను. ఈ విపత్తును రాబిన్ ఫాస్టర్ లెక్కకట్టి వ్రాసెను. కొన్ని వానలు అదను తప్పినంతనే అడవికి అడవి ఆకలిపాలగుననుట, శీతోష్ణములు గతి తప్పుచున్న నేటి లోకమునకు ఎంత విలువైన సాక్ష్యమో చెప్పనక్కఱలేదు. ముందరి సంవత్సరముల లెక్కలు అచ్చట వ్రాసిపెట్టి యుండకపోయినచో అది కఱవని తెలియుటయే దుర్లభమై యుండెడిది.

తోళ్లను, పుఱ్ఱెలను నేను చిన్నచూపు చూచుట లేదు. కొండ కోవాటులు ఒకటి కాదు, రెండు జాతులని 2009లో తేలినది వస్తుప్రదర్శనశాలల సొఱుగులలో దాచియుంచిన పాత నమూనాలనుండియే. వెనెజువేలాలోని మెరీదా కొండలకు పరిమితమైన ఆ రెండవ జాతి నేడు ఆపన్నజీవులలో నొకటి. సొఱుగు జాతిని తెలుపును, జీవితమును తెలుపదు. రెండును కావలెను, కాని మనము మొదటిదానికే కొంచెమైనను ధనము వెచ్చించి, రెండవదానిని అభిరుచి గలవారి సొంత ఖర్చునకు వదలివేయుచున్నాము.

దీనికి తోడు మఱొక దురలవాటు ప్రబలినది. ఇగ్వాసూ జలపాతములు చూడవచ్చు యాత్రికులు కోవాటులకు రొట్టెలు, మిఠాయిలు అందించి ఛాయాచిత్రములు తీసికొనుచుండగా, అవి అడవినేలను శోధించుట మాని ఫలహారశాలల బల్లల చుట్టు తిరుగుచు, సంచులు లాగుకొనుచు, ఇయ్యనివారిని కఱచుచున్నవి. రక్తమోడు చేతుల బొమ్మలు వేసిన హెచ్చరికపలకలు అచ్చట నాటినను అలవాటు మానలేదు. శ్రీశైలము ఘాట్ రోడ్డున కార్ల అద్దములు దించి కోతులకు అరటిపండ్లు విసరు మనవారికి ఈ వర్ణన క్రొత్త కాదు. భక్తితో చేసినను, సరదాకు చేసినను ఫలము ఒక్కటే: బండి చక్రముల క్రింద పడు పిల్లకోతులు, గాయపడు పిల్లలు, అడవిలో తమ తిండిని తాము వెదకుకొను నేర్పును మఱచిన ఒక తరము. తిండి పెట్టుట చేత జంతువు మనకు చేరువగును. మనము మాత్రము దాని జీవితమునకు అంతకంతకు దూరమగుచుందుము. ఈ విషయమున అటవీశాఖ జరిమానాలు ఖచ్చితముగా వసూలు చేయవలెననియే నా మతము.

కోవాటి అరుదైన జంతువు కాదు. అంతర్జాతీయ పట్టికలలో దాని రెండు ముఖ్య జాతులును అపాయము లేనివానిలో చేరినవి. కాబట్టి దానిపై శ్రమ వృథాయని అనువారుందురు. ఆ శ్రమ జరిగినందువలననే ఉష్ణమండలపు అడవిలో పండు రాలుటకును, పిల్ల పుట్టుటకును, వాన కురియుటకును గల లంకె తెలిసినదని వారికి జవాబు. మన నల్లమలలో పులుల లెక్క ప్రతి నాలుగేండ్లకు జరుగుచున్నది, జరుగవలసినదే. కాని ఆ లెక్కకై చెట్లకు కట్టిన కెమెరాల ముందునుండి పులి నడచిన రాత్రులకంటె పునుగుపిల్లి, మానుపిల్లి, ముంగిస, ముళ్లపంది నడచిన రాత్రులే ఎక్కువయని అడవి నెఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పొలము గట్టుమీద నిత్యము కనబడు ముంగిస ఏ నెలలో పిల్లలను కనునో, మగది ఆ పిల్లల దగ్గఱకు వచ్చునో రాదో, కఱవు సంవత్సరమున ఏమి తిని బ్రదుకునో మన జంతుశాస్త్ర పట్టభద్రులలో ఎందఱు చెప్పగలరు? చెంచుపెంటలలోని పెద్దలు దీనిలో చాలభాగము చెప్పగలరు. వారినడిగి, వారిని జీతమిచ్చి తోడు తీసికొని, వారి పేరు గ్రంథముమీద వేసి వ్రాయు విద్యార్థి కావలెను.

అందులకు చేయవలసినవి దుర్ఘటకార్యములు కావు. పులుల లెక్క ముగిసిన పిమ్మట మూలబడు చిన్న జంతువుల ఛాయాచిత్రములను రెండు తెలుగు రాష్ట్రముల అటవీశాఖలును విశ్వవిద్యాలయములకు ఇచ్చివేయవలెను. పరిశోధనపట్టమునకు అడవిలో గడపిన కాలమును ప్రయోగశాలలో గడపిన కాలముతో సమముగా లెక్కింపవలెను. ఒక్క వాన, ఒక్క ఎండ చూచి వచ్చినవాని సిద్ధాంతవ్యాసమును అంగీకరింపరాదు. శ్రీశైలము జలాశయపు అంచున, కృష్ణ ఇరుదరులను కలిపి, పరిశోధకులు తరము తర్వాత తరముగా ఉండుటకు వీలైన నాలుగు గదులు, ఒక వర్షమాపకము, వ్రాసిన పుస్తకములను చెదలు తినకుండ భద్రపఱచు ఒక బీరువా ఏర్పఱచుటకు అగు ఖర్చు, ఒక పర్యాటక విడిది స్వాగతతోరణమునకు అగు ఖర్చుకంటె ఎక్కువ కాదు. మొదటి విద్యార్థి ముంగిసతో మొదలుపెట్టవచ్చును. మూడేండ్ల వఱకు ఆతనినుండి ఏ ప్రకటనను కోరకుండవలెను.